సవరణ: కెఫీన్ సాయం నొప్పికే, వాపుకు కాదు

ముందటి పోస్టులో "ఇబుప్రొఫెన్ లాంటి మందుకు కెఫీన్ కలిస్తే వాపు త్వరగా తగ్గుతుంది" అని ఉంది. దాన్ని "నొప్పి నుంచి ఇంకాస్త ఎక్కువ మందికి ఉపశమనం దొరుకుతుంది" అని మార్చి చదవండి.

ఈ తేడా చిన్నదేమీ కాదు. 2014 నాటి కాక్రేన్ సమీక్ష (ఒక అంశంపై జరిగిన అధ్యయనాలను కలిపి బేరీజు వేసే నివేదిక) చూసింది తలనొప్పి, పంటి ఆపరేషన్ తర్వాతి నొప్పి లాంటివాటినే. మామూలు మోతాదు నొప్పి మాత్రకు 100 మిల్లీగ్రాములు, ఆపైన కెఫీన్ చేర్చితే, మంచి ఉపశమనం పొందినవాళ్లు నూటికి మరో 5 నుంచి 10 మంది పెరిగారు. అంతే. కీళ్ల వాపు సంగతి అందులో లేదు.

అడినోసిన్ అనేది ఒంట్లో తయారయ్యే ఓ రసాయనం. కణాల మీద అది అతుక్కునే చోట్లను, అంటే గ్రాహకాలను, కెఫీన్ అడ్డుకుంటుంది. నొప్పి విషయంలో అది కలిసొస్తుంది. కానీ రోగనిరోధక కణాల దగ్గర అదే అడినోసిన్ వాపును అణిచే పని కూడా చేస్తుంది. అందుకే కెఫీన్ వాపు తగ్గిస్తుందని ధీమాగా చెప్పలేం. వాపును తగ్గించేది ఇబుప్రొఫెనే, వాపును, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీకి అడ్డుపడి.

మాత్రతో పాటు కాఫీ తాగితే సరిపోదా అంటే, కప్పు కప్పుకీ కెఫీన్ మారుతుంది, లెక్క కుదరదు. కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఇబుప్రొఫెన్ జోలికి వెళ్లొద్దు. తలనొప్పికి ఇలాంటి కలగలుపు మాత్రలు నెలకు 10 రోజులు, అంతకు మించి నెలల తరబడి వాడితే, ఆ మాత్రల వల్లే తలనొప్పి మొదలవ్వచ్చు.