వందకు మూడు జతలు

ఇంట్లో కూర్చుని ఊలు సాక్సులు అల్లుకుంటున్న ఆడమనిషి కనిపిస్తే మనవాళ్ళ నోట్లోంచి వచ్చేవి మూడే మాటలు. మొదటిది, "ఖాళీగా ఉన్నావా?" రెండోది, "కుక్కకా?" మూడోది ప్రశ్న కాదు, తీర్పు. "కోఠీలో వందకు మూడు జతలు ఇస్తున్నారు గదా!" ఏళ్ళ తరబడి అల్లుతున్నాను, ఈ వరస ఒక్కసారి తప్పలేదు. పంతులుగారికి బస్సు టైమవుతుంటే పెళ్ళిమంత్రాలైనా ముందువెనకలవుతాయి గానీ ఇది కాదు.

కిందటి ఆదివారం మా తోడికోడలి తమ్ముడు వచ్చి ఈ మూడూ పూర్తిచేసి వెళ్ళాడు. అతని మీద నాకు వ్యక్తిగతంగా ద్వేషం లేదు. అతనొక మనిషి కాదు, ఒక వ్యవస్థ. కాబట్టి జరిగినదంతా ప్రజల ముందు పెట్టడం నా బాధ్యత.

ముందు పూర్వాపరాలు. నేను బ్యాంకులో 34 ఏళ్ళు పరాయివాళ్ళ నోట్లు లెక్కపెట్టి రిటైరయ్యాను. ఇప్పుడు కుట్లు లెక్కపెడుతున్నాను. చుట్టుకు 64. ఒక్కటి తగ్గిందా, సాయంత్రం దాకా విప్పుకుంటూ కూర్చోవాలి. క్యాషులో తేడా వచ్చిన రోజున కూర్చున్నట్టే. సాక్సుకు ఐదు సూదులు కావాలి, రెండు కొసలా మొన ఉన్నవి. నాలుగు సూదులు కుట్లు పెట్టుకుని కూర్చుంటాయి, ఒక్కటే పనిచేస్తుంది. ఆఫీసులో ఉద్యోగం చేసినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా నేర్పక్కర్లేదు. నాకు నేర్పింది మాత్రం మొదటి పోస్టింగులో, నాగపూర్‌లో, పక్కింటి పంజాబీ ఆవిడ. అందుకే ఇప్పటికీ నా వేళ్ళు తెలుగులో అల్లవు. సీదా కుట్టు, ఉల్టా కుట్టు అంటేనే కదులుతాయి.

ఇంట్లో రెండు కుక్కలు. తాసిల్దారు లాబ్రడార్, 36 కిలోలు. ఏ వస్తువైనా సరే, తన కిందికి వెళ్ళిందంటే ఇక కదలదు కాబట్టి ఆ పేరు. ఊలు ఉండ పొట్ట కిందికి దొర్లితే నాలుగుసార్లు విన్నవించుకోవాలి, ఒక బిస్కెట్టు సమర్పించుకోవాలి, అప్పుడు కాస్త పక్కకు ఒత్తిగిలుతాడు. చుక్క మా వీధిదే. నుదుట తెల్లమచ్చ. ఒక వానాకాలం రాత్రి మెట్ల కింద దూరింది, వాన వెలిశాక వెళ్ళడం మర్చిపోయింది. చుక్కది నిఘా శాఖ. లిఫ్టు తలుపు, పై ఫ్లాట్ కుక్కర్ కూత, ఎదురింటి కొరియరు, అన్నీ నాకు రిపోర్టు చేస్తుంది, సరిగ్గా నేను యాభై తొమ్మిదో కుట్టు మీద ఉన్నప్పుడు.

అల్లేవాళ్ళ పక్కకే కుక్కలు ఎందుకు చేరతాయని చాలామంది అడుగుతారు. అల్లే మనిషి లేవదు, అంతే. ఫోను చూసే మనిషి ఎదురుగా ఉన్నా ఉన్నట్టు కాదని కుక్కకు తెలుసు. సూదుల టిక్కుటిక్కు మొదలైన పది నిమిషాలకు తాసిల్దారు నా ఎడమ పాదం మీద గడ్డం ఆనించి గురక పెడతాడు. జనవరిలో ఆ పాదానికి సాక్సు అవసరమే ఉండదు. నేను అల్లేదంతా నిజానికి కుడికాలి కోసం.

ఇక ఆదివారం. తమ్ముడుగారు వచ్చారు. గుమ్మం బయట బూట్లు విప్పి, సాక్సులు ఉండ చుట్టి బూట్లలో దోపి, లోపలికి వచ్చి సోఫాలో కూలబడ్డారు. నన్ను చూశారు. "ఏంటక్కా, ఖాళీగా ఉన్నావా?"

ఆ సమయానికి ఎదురు కుర్చీలో మావారు ఉన్నారు. పొద్దున ఏడింటి నుంచీ ఒకే పేపరు. రాజకీయాలు, సినిమాలు, బంగారం ధర, అన్నీ అయిపోయి ఎక్కడో ఎవరో పిలిచిన టెండరు ప్రకటన చదువుతున్నారు. మధ్యలో టెస్టు మ్యాచ్ స్కోరు. ఐదు రోజులు, రోజుకు తొంభై ఓవర్లు, చివరికి డ్రా. ఆయన్ని ఖాళీగా ఉన్నావా బావా అని అడిగినవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఆయన విశ్రాంతి తీసుకుంటున్నారు. ఖాళీగా ఉన్నది, చేతిలో ఐదు సూదులు ఆడిస్తున్న నేను.

"కుక్కకా?" అన్నాడు తర్వాత. ఓపిగ్గా జవాబు చెప్పాను. బాబూ, నా కాలికి ఒక సాక్సు అల్లాలంటే పదివేల కుట్లకు పైనే పడతాయి. కుక్కకు కాళ్ళు నాలుగు, కుక్కలు రెండు. పైగా కుక్కకు చెమట పట్టేది అరికాళ్ళ మెత్తల్లోనే. హైదరాబాదు ఎండాకాలంలో వాటికి ఊలు తొడిగితే జీవహింస. నున్నటి టైల్స్ మీద పరుగెత్తితే జారి నేరుగా ఫ్రిజ్ కిందికి పోతాయి. కుక్కకు ఊలు తొడగడం కాదు, కుక్క దగ్గరే ఊలు తీసుకున్నవాళ్ళున్నారు. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో సాలిష్ తెగల ఆడవాళ్ళు బొచ్చు కోసమే ఒక జాతి కుక్కల్ని విడిగా పెంచి, ఆ బొచ్చు వడికి దుప్పట్లు నేసేవాళ్ళు. ఆ జాతి ఇప్పుడు లేదు. అందులో ఒక కుక్క తోలు మాత్రం స్మిత్సోనియన్ మ్యూజియంలో దాచారు. 1859లో చనిపోయింది. దాని పేరు మటన్.

ఇంత చెబితే తమ్ముడుగారి చెవికి ఎక్కింది ఒక్క మాటే.

"మటనా? ఆదివారం కదా, తెచ్చారా బావా?"

మావారు పేపరు దించారు. ఆ రోజు ఆయన పేపరు దించడం అదే మొదటిసారి. లేదని చెప్పి మళ్ళీ ఎత్తారు.

అప్పుడు మూడో అంకం మొదలైంది. "ఊలు ఎంత?" ఉండ ఆరొందలు. వంద గ్రాములు, నాలుగొందల మీటర్లు, ఒక జత వస్తుంది. "ఎన్ని గంటలు పడుతుంది?" ఇరవై. ఫోను తీశాడు. "గంటకు రెండొందలు వేసుకుందాం. నాలుగు వేలు. ఊలు ఆరొందలు. మొత్తం నాలుగు వేల ఆరొందలు. కోఠీలో జత ముప్ఫై మూడు రూపాయలు." ముఖం వెలిగిపోయింది. "అక్కా! ఈ డబ్బుతో నూట ముప్ఫై ఎనిమిది జతలు వస్తాయి!"

నా ముందు రెండు కాళ్ళున్నాయి. నూట ముప్ఫై ఎనిమిది జతలు ఏ కాళ్ళకు తొడగమంటాడో చెప్పలేదు. జెర్రికి తొడిగినా ఇంకా మిగులుతాయి.

ఆయన లెక్కలో ఉండగా తాసిల్దారు నిద్రలో ఒత్తిగిలాడు. పొట్ట కింద పెండింగులో ఉన్న ఉండ విడుదలై టీపాయ్ కిందికి దొర్లింది. చుక్క దాన్ని అనుమానిత వ్యక్తిగా గుర్తించి వెంటబడింది. టీపాయ్ కాలి చుట్టూ ఒకటి, సోఫా కోడు చుట్టూ ఒకటి, మావారి కుర్చీ చుట్టూ రెండు. తమ్ముడుగారి చీలమండల దగ్గరికి వచ్చేసరికి ఆ పాదాలు కొత్త వాసన వేశాయి కాబట్టి, సమగ్ర విచారణ కోసం ఐదారు చుట్లు తిరిగింది. ఆయన గమనించలేదు. "అదే నాలుగు వేల ఆరొందలు నెలనెలా మ్యూచువల్ ఫండు సిప్‌లో పెట్టావనుకో. పన్నెండు శాతం వేసుకుందాం. ఇరవై ఏళ్ళు..." ఆయన వేలు ఫోను మీద ఆడుతోంది, ఊలు ఆయన పిక్కల దాకా పాకుతోంది. నా చూపు చుక్క నోటి మీద ఉంది. నవ్వులాట కాదిది. ఊలు పోగు కుక్క మింగిందంటే పేగులు కుచ్చుళ్ళు పడి ఆపరేషన్ దాకా పోతుంది. అందుకే రాత్రిపూట ఊలు, సూదులు బీరువాలో పెట్టి తాళం వేస్తాను. బంగారం బయటున్నా ఫర్వాలేదు.

"నలభై ఐదు లక్షల తొంభై ఆరు వేలు!" అని కేక పెట్టాడు. నా సాక్సుల వల్ల కుటుంబానికి వాటిల్లిన నష్టమన్నమాట. ఆ కేకకు తాసిల్దారు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు, తీరిగ్గా వచ్చాడు. నోట్లో ఏదో నల్లగా వేలాడుతోంది.

కోఠీ సాక్సు. వందకు మూడు జతల్లో ఒకటి.

తమ్ముడుగారు లేవబోయారు. కాళ్ళు రెండూ ఒకటిగా ఉన్నాయని అప్పుడు తెలిసింది. లేచినంత గౌరవంగానూ మళ్ళీ సోఫాలో పడ్డారు. "మింగేస్తాడేమో అక్కా!" అది నిజమే, మింగగలడు. ధైర్యం చెబుదామని, అమెరికాలో పోర్ట్‌ల్యాండ్‌లో 2014లో ఒక గ్రేట్ డేన్ కడుపులోంచి డాక్టర్లు నలభై మూడున్నర సాక్సులు తీశారని, అయినా అది బతికిందని చెప్పాను. ఆ అర ఏమైందని అడిగాడు. లెక్కల మనిషి కదా. ఈలోగా బిస్కెట్టు ఇచ్చి సాక్సు విడిపించాను. తడిసి ముద్దయింది, బొటనవేలి దగ్గర బిళ్ళంత చిల్లు. ఆ చిల్లు మావాడు పెట్టింది కాదని, ముందునుంచీ ఉన్నదేనని ఈ సందర్భంగా రికార్డు చేస్తున్నాను.

"పోగు తెంపెయ్ అక్కా." తెంపనన్నాను. చుట్టింది ఎట్లాగో విప్పింది అట్లాగే. సూటూబూటూ తప్ప అన్నీ ఉన్న యాభై ఏళ్ళ పెద్దమనిషి మా టీపాయ్ చుట్టూ కుప్పిగంతులతో అప్రదక్షిణాలు చేశాడు. చుక్క వెనకే నడిచి పర్యవేక్షించింది. మావారు కూర్చున్నచోటే కాళ్ళు ఎత్తి సహకరించారు. పేపరు దించలేదు.

ఇక, ఈ ఎండల్లో ఊలు సాక్సులేమిటనే మేధావులకు ఒక మాట. ఈజిప్టులో తవ్వకాల్లో దొరికిన ఎర్ర ఊలు సాక్సుల జత ఒకటి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పదహారు వందల ఏళ్ళ నాటిది. బొటనవేలికి విడిగా గది ఉంది, చెప్పులోకి సరిపోయేలా. పొద్దున పార్కులో మన పిన్నిగార్లు చెప్పుల్లోకి వేసుకొచ్చేవి అచ్చం అవే. ఈజిప్టు ఎండ కోఠీ ఎండకు తీసిపోయిందేం కాదు. పైగా నా సాక్సులు ఎక్కువగా అమెరికాలో, మంచు కురిసే మినియాపొలిస్‌లో ఉన్న మా అమ్మాయికి వెళ్తాయి. మొదటి జతను అది వేడినీళ్ళ వాషింగ్ మెషీన్‌లో వేసి, గట్టిపడి బొమ్మ సాక్సులంతైన వాటిని ఫొటో తీసి పంపింది. అవి మాత్రం తాసిల్దారుకు సరిపోతాయి. తమ్ముడుగారికి చెప్పకండి.

ఇంతవరకూ నవ్వుకుంటూనే రాశాను. ఆ మొదటి ప్రశ్న దగ్గరికొస్తే మాత్రం నవ్వు రావడం లేదు.

నా గంటకు ఎవరైనా వెల కట్టడం రిటైరయ్యాక అదే మొదటిసారి. రెండొందలు. అది కూడా నష్టం చూపించడానికి. అదే గంటలో నేను పప్పు వండితే, మనవడికి స్నానం చేయిస్తే, వచ్చిన తమ్ముడికి కాఫీ కలిపితే ఫోను తీసి లెక్కకట్టేవాడెవడు?

సాక్సు చివర వేళ్ళ దగ్గర రెండు అంచుల్నీ అతుకు తెలియకుండా కలిపే కుట్టు ఒకటుంది. దానికి కిచెనర్ కుట్టు అని పేరు. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో ఇంగ్లీషువాళ్ళ సైన్యానికి సర్వాధిపతిగా ఉన్న లార్డ్ కిచెనరే ఆయన. మొదటి ప్రపంచయుద్ధంలో బురద కందకాల్లో సైనికుల పాదాలు కుళ్ళిపోతుంటే ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చుని లక్షల జతలు అల్లి పంపారు. అల్లిన ఒక్క ఆడమనిషి పేరైనా ఆ కుట్టుకు పెట్టలేదు. మీసాల దొర పేరు పెట్టారు.

అంతదూరం ఎందుకు, మా అమ్మమ్మది నరసాపురం పక్క పల్లె. ఆ సీమలో ఆడవాళ్ళకు లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పింది. అన్నాలయ్యాక కొక్కెం సూది పట్టుకుని కూర్చుంటే దీపాల వేళ దాకా, దీపాలు పెట్టాక మళ్ళీ. ఆ లేసు ఓడలెక్కి దొరసానుల బల్లల మీదికి పోయేది. ఏజెంటు వచ్చి దారం లెక్కన నాలుగు డబ్బులు చేతిలో పెట్టేవాడు. అతనిది వ్యాపారం, ఎగుమతి చేసేవాడిది పరిశ్రమ, మా అమ్మమ్మది కాలక్షేపం! మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ నరసాపురం వచ్చి, ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి, 1982లో పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసే మనిషిని గృహిణి అని, ఆమె పనిని తీరిక వేళల పని అని పేరుపెడితే కూలి ఎంత తక్కువ ఇచ్చినా చెల్లుతుందని ఉతికి ఆరేసింది. చదివి బ్యాంకు క్యాంటీన్‌లో ఏడ్చాను. ఎప్పుడో ఏవో లెక్కలు రాసుకునే ఆయన ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటే, ఎదురుగా అమ్మమ్మ వేళ్ళు ఆడుతూనే ఉన్నాయట. ఆయన తాతయ్య వైపు తిరిగి అడిగి, అమ్మమ్మ పేరు ముందు "పని ఏమీ లేదు" అని రాసుకుని వెళ్ళాడట. అరవై ఏళ్ళు అల్లింది. చూపు పోయాక వేళ్ళతో తడుముకుని అల్లింది. పని ఏమీ లేదు! 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి మావారు నాకే వినిపించారు. అమ్మమ్మ పోయి అప్పటికి ముప్ఫై ఏళ్ళు.

ఖాళీగా ఉన్నావా అట.

తమ్ముడుగారు ఒక కాలికి సాక్సుతో, ఇంకో కాలికి ఉత్త బూటుతో, తడి సాక్సును క్యారీబ్యాగులో పట్టుకుని వెళ్ళిపోయారు. నా బుట్టలో అప్పటికి పూర్తయిన సాక్సు ఒకటి ఉంది, ఆయన సైజే. చూశారు కూడా. ఇవ్వలేదు.

సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. తాసిల్దారు ఎడమ పాదం మీద, చుక్క బుట్ట పక్కన. మడమ మలుపు దగ్గర ఉన్నాను. ముప్ఫై రెండు కుట్లలో మధ్యవి పట్టుకుని అటొకటి ఇటొకటి తగ్గించుకుంటూ రావాలి, లెక్క తప్పితే మడమ మోచేతిలా వస్తుంది. స్పీకరు నొక్కాను.

"అక్కా, ఖాళీగా ఉన్నావా?"

"లేను. మడమ తిప్పుతున్నా. గంటాగి చెయ్యి. రెండొందలవుతుంది."