ముసుగు కూడా దక్కని విగ్రహాలు

ఎన్నికల కోడ్ వచ్చిందంటే చాలు, సిబ్బంది నిచ్చెన, గుడ్డలు పట్టుకొని ఊరి మీద పడతారు. చౌరస్తాల్లో నాయకుల విగ్రహాలకు ముసుగులు కడతారు. వాటిని చూసి ఓటరు మనసు ఎక్కడ మారుతుందోనని టెన్షన్. ఈసారి కోడ్ వచ్చినప్పుడు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో జాగ్రత్తగా చూడండి. కొన్ని విగ్రహాల జోలికి ఎవరూ పోరు. ఆ పెద్దమనిషి మొహం చూసి ఒక్క ఓటూ అటూఇటూ కాదని వాళ్లకు తెలుసు. ఊరు ఆయన్ను మరిచిపోయిందని సర్కారే ధ్రువపత్రం ఇచ్చినట్టు!

ఆ మధ్య నల్లగొండలో ఆటో ఎక్కితే డ్రైవర్ అడిగాడు, "విగ్రహం కాడ ఆపాల్నా సార్?" అని. ఎవరి విగ్రహమది అన్నాను. "ఎవలో పాత లీడర్ సార్. మా నాయినకు ఎరుకుంటది" అన్నాడు. రోజుకు ఇరవైసార్లు ఆ మాట అంటాడు కానీ మనిషెవరో తెలియదు. అతన్ని తప్పు పట్టబోయి, దిగాక దిమ్మె చుట్టూ ఒకసారి తిరిగాను. అప్పుడు అర్థమైంది తప్పెవరిదో. శిలాఫలకం మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్నది ఆవిష్కర్త పేరు, ఆయన అప్పటి పదవితో సహా. కింద ముఖ్య అతిథి, సభాధ్యక్షుడు, దాతలు. విగ్రహం ఎవరిదో ఆయన పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఒక మూలన. ఏం చేశాడో ఒక్క ముక్క లేదు. ఆ మూల కూడా సగం ఎవరిదో బర్త్‌డే ఫ్లెక్సీ కింద ఉంది.

మన పిల్లలకు చరిత్ర తెలియదని వేదికలెక్కి బాధపడుతుంటాం. చదువుకోవడానికి ఆ రాయి మీద మనం ఏం రాసి పెట్టాం? విగ్రహం పెట్టేది కుటుంబమో, కుల సంఘమో, పార్టీనో. వాళ్లకు ఆయన తెలుసు కాబట్టి రాయాలని తోచదు. ఎవరిని పిలవాలి, ఎవరి పేరు ముందుండాలి అన్నదాని మీదే తగువులన్నీ. ఏటా జయంతికి సిమెంటు బొమ్మకు బంగారు రంగు కొడతారు. (పూత మీద పూత పడి ముక్కు, మీసం కలిసిపోయిన విగ్రహాలు చూశాను. బతికున్నప్పటి ఫొటో పక్కన పెట్టినా పోల్చలేం.) ఆ తరం పోయాక దండ ఆగిపోతుంది, రంగు ఆగిపోతుంది.

రాయడానికి సరుకు లేకనా? కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి సంగతే తీసుకోండి. 1952 తొలి ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నాడని మన జిల్లాలో చెప్పుకోని వాళ్లుండరు. నిజమే, మూడు లక్షలు దాటాయి. కానీ ఆ కథలో సగం ఎవరూ చెప్పరు. అప్పుడు నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు, ఇద్దరు ఎంపీలు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరున పోటీ చేశారు. ఆ రెండో ఎంపీ సుంకం అచ్చాలు. ఒకటే ఎన్నిక, ఒకటే నియోజకవర్గం, ఒకటే పార్టీ. ఒక పేరు క్విజ్ పుస్తకాల్లోకి ఎక్కింది, రెండో పేరు చెబితే పార్టీ అభిమానులే "ఎవరాయన?" అంటారు. నారాయణరెడ్డి విగ్రహం ఎక్కడున్నా దాని కింద ఈ రెండో పేరూ ఉండాలంటాను. ఆ ఓట్ల లెక్క అప్పుడే అర్థమవుతుంది.

గీత కార్మికుల నాయకుడు ధర్మభిక్షం మాటా అంతే. 1996 లోక్‌సభ ఎన్నికల్లో తాగునీళ్లలో ఫ్లోరైడ్ గోస దేశానికి వినబడాలని జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే, నల్లగొండ బరిలో 480 మంది తేలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఎన్నిక వాయిదా వేయాల్సి వచ్చింది. చివరికి గెలిచింది ఆయన. ఈ నాలుగు వాక్యాలు దిమ్మె మీద ఉంటే బడికి పోయే పిల్లవాడు ఆగి చదవడూ? 1922లోనే నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక నడిపిన షబ్నవీసు వెంకట రామనరసింహారావు గురించి చెప్పడానికైతే ఒక్క వాక్యం చాలు: నిజాం ఏలుబడిలో, ఈ ఊళ్లో, తెలుగులో వారపత్రిక.

పాలమూరు వాళ్లకు దారి చూపినాయన వాళ్లలోనే ఉన్నాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి కోపంతో సభ పెట్టి ఊరుకోలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, 354 మంది కవుల రచనలు, వివరాలు కూడగట్టి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశాడు. అందులో చాలామందికి విగ్రహాలు లేవు. అయినా పేరు, ఊరు, రాత మిగిలాయి.

విగ్రహాలు అందరివీ రాలేదు, వచ్చినవాటిలోనూ కులం చూశారు అనేవాళ్ల మాట కొట్టిపారేయలేం. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమంలో ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలినప్పుడు 'ఇక్కడ మావాళ్లేరీ' అన్న కోపం అందులో ఉంది. కానీ ఆ కోపానికి జవాబు మరో పాతిక మూగ బొమ్మలు కాదు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న చెప్పింది. అయినా రాత్రికి రాత్రే లేస్తున్నాయి. ఒకసారి నిలబడ్డాక తీయించే ధైర్యం ఏ అధికారికీ ఉండదు.

పాతవాటికి అంత తగువు లేదు. కంటికి ఆనే ఎత్తులో ఒక గ్రానైట్ పలక, పది వాక్యాలు, తెలుగులోనూ ఉర్దూలోనూ. ఆవిష్కర్తల పేర్లు వెనక వైపుకు. ఎవరు రాస్తారంటారా? ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం కదా. జిల్లా గ్రంథాలయ సంస్థకు పోటీ పరీక్షల పుస్తకాలు కొనడం కాక ఇదీ ఒక పని అనుకోండి. సమాచారం మాత్రం ఫైళ్లలో దొరకదు. ఊళ్లోని ముసలివాళ్ల దగ్గర కూర్చుని రాసుకోవాలి, వాళ్లు ఉండగానే.

ఆ ఆటో డ్రైవర్ తండ్రికి ఎనభై దగ్గర పడ్డాయట. నంబరైనా తీసుకోకుండా దిగిపోయాను.