సంతకం లేని మాట

2025 మే నెలాఖరు. కువైట్‌లో ప్రవాస భారతీయుల సభ. పహల్గాం ఉగ్రదాడి, ఆ తరవాత పాకిస్తాన్‌పై భారత్ జరిపిన దాడుల గురించి దేశం వాదన వినిపించడానికి అఖిలపక్ష బృందంతో వెళ్లిన హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అక్కడ ఒక ఫోటో సంగతి చెప్పారు. పాకిస్తాన్ సైన్యాధిపతి ఆసిమ్ మునీర్ ఒక విందులో తమ ప్రధాని షెహబాజ్ షరీఫ్‌కు ఫ్రేము కట్టించి కానుకగా ఇచ్చిన ఫోటో అది. భారత్‌పై తమ సేనలు జరిపిన దాడికి గుర్తుగా ఇచ్చామన్నారు. తీరా ఆరా తీస్తే అది 2019లో చైనా సైన్యం జరిపిన రాకెట్ల విన్యాసాల బొమ్మ. నకలు కొట్టడానికైనా అకల్ (బుద్ధి) ఉండాలి కదా అని ఒవైసీ అనగానే సభ గొల్లుమంది. ఎంత ఖర్చు పెట్టి ఎన్ని ప్రకటనలు ఇచ్చినా రాని ఫలితం ఆ ఒక్క ఫోటో బండారం బయటపడటంతో వచ్చింది.

అదే నెల 8వ తేదీ రాత్రి మన ఇళ్లలో ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోవాలి. కరాచీ ఓడరేవు నేలమట్టమైందని, మన సేనలు సరిహద్దు దాటి నగరాలకు నగరాలు పట్టేసుకుంటున్నాయని జాతీయ వార్తా చానళ్లు తెల్లవార్లూ అరిచాయి. స్టూడియోల్లో సైరన్లు మోగించారు. వాట్సాప్ గ్రూపుల్లో మంటల వీడియోలు తిరిగాయి. తెల్లారేసరికి కరాచీ కరాచీలాగే ఉంది. మూడు రోజుల తరవాత నౌకాదళం తరఫున వైస్ అడ్మిరల్ ఎ.ఎన్. ప్రమోద్ అధికారికంగా చెప్పిందేమిటంటే, కరాచీ సహా ఎంచుకున్న లక్ష్యాలను కొట్టడానికి తాము అన్ని విధాలా సిద్ధంగా ఉన్నామని. అంటే కొట్టలేదనే కదా. ఈలోగా ఆ చానళ్ల క్లిప్పింగులు ప్రపంచమంతా తిరిగాయి. భారత మీడియా మాట నమ్మదగిందేనా అని విదేశీ పత్రికలు ప్రత్యేక కథనాలే రాశాయి.

ఒక దేశం తన వాదన వినిపించడానికి 7 బృందాలను 30కి పైగా దేశాల రాజధానులకు పంపింది. ఆ ఎంపీలు విమానం ఎక్కేముందే వారు మోసుకెళ్లాల్సిన సరుకును ఇంట్లోవాళ్లే పాడు చేసి పెట్టారు. ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు ఊరికే అనలేదు.

తెలుగులో ప్రచారం అన్న మాటకు స్వతహాగా మంచీ చెడూ లేవు. ఎన్నికల ప్రచారమూ ప్రచారమే, పోలియో చుక్కల ప్రచారమూ ప్రచారమే. చెడ్డదని చెప్పాలంటే ముందు ‘దుష్’ చేర్చుకోవాలి. పరాయి దేశ ప్రజలతో నేరుగా మాట్లాడటానికి ప్రభుత్వాలు చేసే పనికి 1960ల మధ్య నుంచి ప్రజా దౌత్యం అన్న గౌరవమైన పేరు వాడుకలోకి వచ్చింది. పేరు ఏది పెట్టినా దుష్ప్రచారానికీ దీనికీ మధ్య తేడా ఎక్కడుందన్నది అసలు ప్రశ్న. మాట తియ్యగా ఉందా, ఖర్చు ఎంత అన్నవి కావు మా గీటురాళ్లు. మాట్లాడుతున్నది ఎవరో వినేవాడికి తెలుసా? తెలిస్తే ఆ మాటను తూచుకుంటాడు, నచ్చితే తీసుకుంటాడు, లేకుంటే తోసేస్తాడు. తెలియకపోతే మోసపోతాడు.

కువైట్ పేరు ఈ సందర్భంలో రావడం మరో గాయాన్ని గుర్తు చేస్తోంది. 1990 అక్టోబరు 10న వాషింగ్టన్‌లో అమెరికా కాంగ్రెస్ సభ్యుల మానవ హక్కుల బృందం ముందు 15 ఏళ్ల కువైట్ బాలిక ఒకరు సాక్ష్యం చెప్పింది. కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో చొరబడి ఇంక్యుబేటర్లలోని పసికందులను తీసి చల్లని నేల మీద వదిలేశారని ఏడుస్తూ చెప్పింది. ఇంటిపేరు చెబితే కుటుంబానికి ప్రమాదమన్నారు. అధ్యక్షుడు బుష్ ఆ కథను పదేపదే ఎత్తారు. మూడు నెలలకు సెనేట్ 52-47 ఓట్లతో ఇరాక్‌పై యుద్ధానికి అనుమతించింది. 1992 జనవరిలో అసలు సంగతి బయటికొచ్చింది. ఆ పిల్ల అమెరికాలో కువైట్ రాయబారి కూతురు. ఆమెను సాక్షిగా తయారు చేసింది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రజా సంబంధాల సంస్థ. దానికి ముట్టిన డబ్బులో అత్యధికం కువైట్ ప్రభుత్వానిది. పసిపిల్లల కథకు ఆధారాలు దొరకలేదు.

ఇరాక్ దురాక్రమణ మాత్రం అబద్ధం కాదు. అప్పుడు కువైట్‌లో ఉన్న మన కడప, గోదావరి జిల్లాల వాళ్లను అడిగితే చెబుతారు. ఉద్యోగం, దాచుకున్న దీనార్లు, కొనుక్కున్న సామాను అన్నీ వదిలేసి, ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి విమానమెక్కిన వాళ్లున్నారు. ఆ కొద్ది వారాల్లో లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను స్వదేశానికి చేర్చాల్సి వచ్చింది. అంత నిజమైన బాధ కళ్లెదుట ఉండగా కట్టుకథ అల్లాల్సిన అవసరం ఏమొచ్చింది? అల్లినందుకు ఫలితం, నిజంగా హింసకు గురైనవాళ్ల మాటల మీద కూడా తరవాత అనుమానం పడింది.

ఇంకో ఉదాహరణ మా వృత్తికే తలవంపు తెచ్చింది. 1983 జూలైలో ఢిల్లీ నుంచి వెలువడే ‘పేట్రియట్’ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసింది ఎవరో ‘ప్రముఖ అమెరికన్ శాస్త్రవేత్త’. పేరు లేదు. ఎయిడ్స్ వ్యాధిని అమెరికా సైనిక ప్రయోగశాలలో తయారు చేశారని, అది భారత్‌కు కూడా ముంచుకురావచ్చని దాని సారాంశం. రెండేళ్లు ఆ ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1985 అక్టోబరులో మాస్కోలోని ‘లితెరతూర్నయ గజేత’ పత్రిక అదే కథను అచ్చేసింది. ఆధారం ఏమిటంటే భారతదేశపు పత్రికలో వచ్చిందని చూపించింది! అక్కడి నుంచి అది ఖండాలు దాటింది. 1987 నాటికి 80కి పైగా దేశాల్లో కనిపించిందని అమెరికా విదేశాంగ శాఖ లెక్క తేల్చింది. ఉత్తరం సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ వంటింట్లో వండింది. రష్యా విదేశీ గూఢచార సంస్థ అధిపతి ప్రిమకోవ్ 1992లో ఆ సంగతి ఒప్పుకున్నారు.

ఆ ఉత్తరాన్ని నేరుగా మాస్కోలోనే ఎందుకు వేయలేదు? అక్కడ వేస్తే ఎవరూ నమ్మరు కనక. వలస పాలన నుంచి బయటపడిన దేశం, ఏ కూటమిలోనూ లేని దేశం, అక్కడి పత్రిక రాసిందంటే ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ నమ్ముతారు. మన దేశానికి ఉన్న మంచి పేరును మనకు చెప్పకుండా వాడుకున్నారు. ఒక సంపాదకుడి బల్ల మీదకు వచ్చిన సంతకం లేని కాగితం ముక్క ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకు మించిన దాఖలా మాకు తెలియదు. ఉత్తరాల పేజీకి వచ్చే ప్రతి కవరు మీదా చిరునామా చూసే పాత అలవాటు చాదస్తం కాదు.

అదే మాస్కో మరో పని కూడా చేసింది. దాన్ని తెలుగునాట రెండు మూడు తరాలు మరిచిపోలేదు. అక్కడి ప్రగతి ప్రచురణాలయం, ఆ తరవాత రాదుగ ప్రచురణ సంస్థ, తెలుగులో వందల పుస్తకాలు అచ్చేసి పంపాయి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటి ఉద్దండులు మాస్కోలో కాపురముండి అనువదించారు. విశాలాంధ్ర దుకాణాల్లో గట్టి అట్ట పుస్తకం కూలివాడి కొడుకు కూడా కొనగలిగిన ధరకు దొరికేది. ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి రంగుల కాగితాలు బడిపిల్లల పుస్తకాలకు అట్టలయ్యేవి. మంచు కప్పిన ఊళ్లు, ట్రాక్టర్ల మీద నవ్వుతున్న ఆడవాళ్లు, రోదసిలోకి వెళ్లొచ్చిన గగారిన్ ముఖం, ఇవన్నీ ఆ అట్టల మీదే చూశాం. లెక్కల నోటుబుక్కు పాతబడి లోపలి పేజీలు చిరిగిపోయినా ఆ అట్ట మాత్రం చెక్కుచెదరకుండా ఉండేది.

అది ప్రచారమే. ఎవరూ కాదనలేదు. మొదటి పేజీలోనే ‘మాస్కో’ అని అచ్చేసి మరీ పంపారు. ఆ పుస్తకాలు అంతా చెప్పాయనీ మేం అనం. స్టాలిన్ కాలపు నిర్బంధ శిబిరాలు, 1956లో హంగరీ మీదికీ 1968లో ప్రాగ్ మీదికీ వెళ్లిన ట్యాంకులు వాటిలో కనపడవు. కానీ చదివేవాడికి ఎవరు పంపారో తెలుసు. తెలిసే చదివాడు. కథలను గుండెకు హత్తుకున్నాడు, ప్రసంగాలను పక్కన పెట్టాడు. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. ఇప్పటికీ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల్లో ఆ ముద్రణ దొరికితే కొనేవాళ్లు వదలరు. ఎయిడ్స్ ఉత్తరం మాత్రం గూఢచార చరిత్రల్లో మచ్చగా మిగిలింది.

అమెరికా చేతులూ శుభ్రమైనవి కావు. 1950లో బెర్లిన్‌లో పుట్టిన సాంస్కృతిక స్వేచ్ఛా మహాసభ అనే రచయితల, మేధావుల సంస్థకు సీఐఏ దొంగచాటుగా డబ్బు పోసింది. భారతదేశంలోనూ దానికి శాఖ ఉండేది. 1966-67లో గుట్టు రట్టయ్యాక, నియంతృత్వాన్ని మనస్ఫూర్తిగా వ్యతిరేకించిన రచయితలు కూడా అద్దె కలాలన్న నింద మోయాల్సి వచ్చింది. వాళ్ల అభిప్రాయం వాళ్లదే, డబ్బు మాత్రం వాళ్లకు తెలియని చేతులది.

అదే దేశంలో 1961 నుంచి విదేశీ సమాచార సంస్థకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ మర్రో, ఒప్పించాలంటే నమ్మకం కావాలి, నమ్మకం కావాలంటే నిజం చెప్పాలి అని చట్టసభ ముందు తేల్చి చెప్పారు. ఆయన ఆ మాట చెప్పిన 1963లోనే అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి పిల్లల మీదికి పోలీసులు కుక్కల్ని ఉసిగొల్పిన ఫోటోలు లోకమంతా చూసింది. అమెరికా ప్రభుత్వం తరఫున దేశదేశాలు తిరిగి జాజ్ కచేరీలు చేసిన కళాకారుల శ్రమకు ఆ ఫోటోలు అడ్డుపడ్డాయి. పౌరహక్కుల చట్టం వచ్చాక గాని అమెరికా రాయబారులు ఆఫ్రికాలో తలెత్తుకోలేకపోయారు. ‘వార్త మంచిదైనా చెడ్డదైనా నిజమే చెబుతాం’ అని 1942లో గొంతు విప్పిన వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోను 2025 మార్చిలో దాని ప్రభుత్వమే మూగబోయేలా చేసింది.

ఇక మన సంగతి. 2020 డిసెంబరులో తప్పుడు సమాచారంపై పరిశోధించే యూరప్ సంస్థ ఈయూ డిస్‌ఇన్ఫోల్యాబ్ ఒక నివేదిక విడుదల చేసింది. భారత్‌కు అనుకూలంగా, పాకిస్తాన్‌కు వ్యతిరేకంగా 15 ఏళ్ల పాటు నడిచిన ఒక వలలో 750కి పైగా నకిలీ వార్తా సంస్థలున్నాయని అది ఆరోపించింది. 2006లో చనిపోయిన ఒక న్యాయశాస్త్ర ఆచార్యుడు 2007లో ఒక సభకు హాజరైనట్టు చూపారని కూడా అందులో ఉంది. బాధ్యత గల ప్రజాస్వామ్యంగా తాము అలాంటి పనులు చేయబోమని మన విదేశాంగ శాఖ బదులిచ్చింది. ఆ నివేదికలో ప్రభుత్వానికి నేరుగా ముడిపెట్టే రుజువు లేదు. అంతమాత్రాన ఊరుకోకూడదని అప్పుడూ ఇప్పుడూ మా అభిప్రాయం. చచ్చినవాడి పేరును మన దేశం కోసం వాడారన్న ఆరోపణ వస్తే, నిగ్గు తేల్చి బయటపెట్టాల్సిన అవసరం అందరికన్నా మనకే ఎక్కువ.

పహల్గాంలో 26 మందిని పొట్టన పెట్టుకున్న ఉగ్రవాదం గురించి లోకానికి చెప్పడానికి మనకు కల్పన అక్కర్లేదు. మే 7న విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ, కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ కలిసి కూర్చుని, ఎక్కడెక్కడ కొట్టామో ఎందుకు కొట్టామో పేర్లతో సహా నెమ్మదిగా చెప్పారు. ఆ సమావేశాన్ని విదేశీ విలేకరులు మాటకు మాట రాసుకున్నారు. ఆ తరవాత కొలంబియా వెళ్లిన బృందం వాదన విని, పాకిస్తాన్‌లో మరణాలకు సంతాపం తెలిపిన తన ప్రకటనను ఆ దేశం వెనక్కి తీసుకుంది. కాల్పుల విరమణ ప్రకటించగానే అదే మిస్రీని సొంత దేశపు సోషల్ మీడియా మూకలు తిట్టిపోశాయి, ఆయన కూతుర్నీ వదల్లేదు. పూంఛ్‌లో పాక్ గుండు తగిలి చనిపోయిన మదర్సా ఉపాధ్యాయుణ్ణి కొన్ని చానళ్లు ఉగ్రవాదిగా చూపాయి. అది తప్పని స్థానిక పోలీసులే చెప్పాల్సి వచ్చింది. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబం శవం పక్కనే కూర్చుని ఆ నింద కూడా వినాల్సి వచ్చింది.

ప్రభుత్వం దగ్గర అధికారం లేక కాదు. ఆ రోజుల్లోనే 8,000కు పైగా ఖాతాలను అడ్డుకోమని తమకు ఆదేశాలొచ్చాయని ఎక్స్ సంస్థ ప్రకటించింది. సైనిక చర్యల ప్రత్యక్ష ప్రసారాలు వద్దని చానళ్లకు సూచనలు వెళ్లాయి. ప్రశ్నించే గొంతుల మీద అంత చురుకుగా పనిచేసిన యంత్రాంగం, లేని విజయాలను చూపించిన స్టూడియోల జోలికి మాత్రం పోలేదు. ఈ పక్షపాతాన్ని మేం తప్పు పడుతున్నాం. అబద్ధం మన పక్షాన ఉన్నా అబద్ధమే.

నిలబడే ప్రజా దౌత్యం ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్ దాటక్కర్లేదు. విదేశాల వారికి శిక్షణ ఇవ్వడానికి భారత ప్రభుత్వం 1964లో మొదలుపెట్టిన ఐటెక్ కార్యక్రమం కింద ఆఫ్రికా, ఆసియా దేశాల ఉద్యోగులు యూసఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల జాతీయ సంస్థకు వారాల తరబడి శిక్షణకు వస్తారు. భారత సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్) ఉపకార వేతనాల మీద వచ్చిన విద్యార్థులు ఉస్మానియాలో చదువుతారు. వాళ్లు తిరిగి వెళ్లి తమవాళ్లకు చెప్పే మాట ఏ ప్రకటన కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. ఆ మాట ఎలా ఉండాలన్నది ఇల్లు అద్దెకిచ్చే మన ఓనర్ల మీద, రంగు చూసి ఎగాదిగా చూసే మన కళ్ల మీద ఆధారపడి ఉంది. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికన్ విద్యార్థులను మూక చావబాదిన వీడియో బయటికొచ్చాక, ఢిల్లీలోని ఆఫ్రికా దేశాల రాయబారులంతా కలిసి అది జాతి విద్వేషమని ప్రకటించారు. ఐటెక్ ఏళ్ల తరబడి కూడబెట్టింది ఆ ఒక్క సాయంత్రం ఎంత పోగొట్టిందో లెక్క కట్టలేం.

ఆ అఖిలపక్ష బృందాల్లో మన తెలుగు రాష్ట్రాల ఎంపీలు నలుగురున్నారు: ఒవైసీతో పాటు పురందేశ్వరి, లావు శ్రీకృష్ణదేవరాయలు, హరీష్ బాలయోగి. పరాయి గడ్డ మీద దేశం మాట నిలబెట్టడానికి శ్రమపడ్డందుకు వారికి మా అభినందనలు. పార్టీలు వేరైనా ఈ విషయంలో వారు కలిసి అడగగలరు. అడగాలి. తప్పుడు యుద్ధవార్తలు వేసిన చానళ్లు ఏ సమయంలో ఆ వార్త వేశాయో అదే సమయంలో దిద్దుబాటు వేసేలా నిబంధన తేవాలని, చచ్చినవాడి పేరు వాడారన్న ఆరోపణపై విచారణ నివేదిక సభ ముందుంచాలని సమాచార, విదేశాంగ మంత్రులను నిలదీయాలి. చైనా ఫోటో గురించి కువైట్‌లో చెప్పినంత గట్టిగా, మే 8 రాత్రి కరాచీ కట్టుకథల గురించి లోక్‌సభలో చెప్పాలి.