మాకేమీ తెలీదని టిక్కు పెట్టేశారు

ఇప్పుడే కమ్యూనిటీ హాల్ నించి వచ్చా, ఇంకా కుక్కర్ కూడా పెట్టలా, ఇది రాస్తేగానీ ఒళ్ళు మంట తగ్గేలా లేదు.

నిన్న రాత్రి మా ఆర్పీ, అంటే మా డ్వాక్రా సంఘాల్ని చూసే రిసోర్స్ పర్సన్, గ్రూపులో మెసేజ్ పెట్టింది. పెద్ద కాలేజీ వాళ్ళు వస్తున్నారు, సుస్థిరాభివృద్ధి మీద అవగాహన సదస్సు, సంఘానికి అయిదుగురు తప్పకుండా రావాలి, ఫోటో పైకి పంపాలి అని. డ్వాక్రాలో ఉన్నవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లా. ఎవరైనా పెద్దాయన వస్తే మేమే, యోగా డే అంటే మేమే, ర్యాలీ అంటే మేమే, కుర్చీలు నిండాలంటే మేమే. వెళ్ళకపోతే ఏం చేస్తారు అంటే ఏం చెయ్యరు, కానీ రేపు లోన్ కాగితం మీద సంతకానికి వెళ్ళినప్పుడు ఆ మొహం చూడలేం. పెళ్ళి బ్లౌజులు కుట్టాల్సినవి కుప్ప పడున్నాయి, అయినా మిషన్ ఆపేసి వెళ్ళా.

10 గంటలకన్నారు, పదకొండున్నరకి దిగారు. ఏసీ బస్సు, ఇంజన్ ఆపకుండా బయటే అలాగే ఉంచారు ప్రోగ్రాం అయ్యేదాకా. దాని గురించి నేనేం అనను. లోపల జ్యోతి ప్రజ్వలన, ఆ తర్వాత శాలువాలు, సార్ కి ఇంకో సార్ కప్పాడు, ఆ సార్ కి ఈ సార్ కప్పాడు, మా ఆర్పీకి కూడా ఒకటి కప్పారు, ఆవిడ మొహం వెలిగిపోయింది పాపం. వెనకాల ఫ్లెక్సీ మీద రంగురంగుల చక్రం. 2015లో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు ఒప్పుకున్నాయంట, 17 లక్ష్యాలు, వాటికింద 169 టార్గెట్లు, 2030 కల్లా అయిపోవాలంట. బానే ఉంది. ఆ లక్ష్యాలతో నాకేం పేచీ లేదు. ఆరోది మంచినీళ్ళు, పారిశుద్ధ్యం, పదకొండోది నగరాలు, పదమూడోది వాతావరణం, అన్నీ మాకు కావల్సినవే. నేనూ బీకాం చదివినదాన్నే, స్లైడు చదవగలను. పేచీ అంతా దాన్ని మాకు చెప్పిన తీరు మీద.

మొదటి పాఠం, పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయండి. మా లైన్ లో కుళాయి వచ్చేదే పొద్దున కాసేపు, ఆ కాసేపట్లో బిందెలు, డ్రమ్ములు, బకెట్లు, ఆఖరికి పప్పు గిన్నె కూడా పట్టి పెట్టుకుంటాం. కుళాయి వదిలేసి తీరిగ్గా పళ్ళు తోముకునే భోగం మాకెక్కడిది సార్, అది మీ హాస్టల్లో చెప్పండి.

రెండో పాఠం, తడి చెత్త పొడి చెత్త. వేరు చెయ్యాలంట. అయ్యా, 2021లో ఇంటింటికీ మూడు రంగుల డబ్బాలిచ్చారు, చెత్త పన్ను అని వసూలు చేశారు, 2024లో అది రద్దు కూడా అయిపోయింది, డబ్బాలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి, మా అత్తగారు ఒకదాంట్లో బియ్యం పోసుకుంది. అదే 2021లో స్వచ్ఛ సర్వేక్షణ్ లో దేశం మొత్తం మీద మూడో ర్యాంకు వచ్చింది ఈ బెజవాడకి. మరి అప్పుడు తడీ పొడీ విడదీసింది ఎవరు?

మూడోది భూతాపం. స్క్రీన్ మీద మంచు ఎలుగుబంటి. ఐసు గడ్డ మీద బిక్కుబిక్కుమంటూ నిలబడిన ఎలుగుబంటిని చూపించి "చూడండమ్మా, దీని ఇల్లు కరిగిపోతోంది" అన్నారు. మేం సింగ్ నగర్ వాళ్ళం సార్. ఇల్లు మునగడం ఎలా ఉంటుందో ఎలుగుబంటిని చూసి నేర్చుకోవాల్సిన ఖర్మ మాకు పట్టలేదు. పక్కన పిన్నిగారు "పాపం దానికి నష్టపరిహారం ఇచ్చారా" అని అడిగింది, నేను నవ్వాపుకోలేక చచ్చా.

ఇదంతా నేను భరించా. నిజంగా. ఇలాంటివి కొత్త కాదు. ఒళ్ళు మండింది చివర్లో.

అయిపోయాక పిల్లలు ఫారాలు పట్టుకుని తిరుగుతున్నారు. నా దగ్గరికి ఒక పాప వచ్చింది, మంచి పిల్ల, మెడలో ఐడీ కార్డు, ఎండకి మొహం ఎర్రబడిపోయింది. "ఆంటీ, ఇక్కడ సంతకం పెట్టండి" అంది. పెట్టబోతూ చదివా. పైన ప్రీ టెస్ట్ అనుంది. పది ప్రశ్నలు, తెలుసు, తెలీదు అని రెండు గడులు. పదింటికీ తెలీదు గడిలో టిక్కులు పెట్టేసున్నాయి.

ఇదేంటమ్మా అన్నా.

"ప్రోగ్రాంకి ముందు మీకెంత తెలుసో చూసేదాంటీ."

"ప్రోగ్రాం అయిపోయిందిగా."

"అవునాంటీ, లేటయిందని మేమే ఫిల్ చేసేశాం."

"అన్నిటికీ తెలీదనే ఎందుకు పెట్టారు తల్లీ?"

"కింద పోస్ట్ టెస్ట్ లో అన్నీ తెలుసు అని పెడతామాంటీ. అప్పుడే ఇంప్రూవ్‌మెంట్ కనపడుద్దని సార్ చెప్పారు."

అదండీ సంగతి. వాళ్ళ పాఠం బ్రహ్మాండంగా పనిచేసిందని రుజువు కావాలంటే మేం ముందు వెర్రివాళ్ళమై ఉండాలి. ఒక్క గంటలో సున్నా నించి పదికి పది. మా అబ్బాయికి ఇంటర్లో లక్షన్నర ఫీజు కట్టినా ఇంత ఇంప్రూవ్‌మెంట్ రాలా.

ప్రశ్నల్లో ఒకటి, పాత వస్తువుల పునర్వినియోగం గురించి మీకు తెలుసా? ఆ ఫారం నా పక్కన కూర్చున్న స్టీలు సామాన్ల అత్తకి కూడా ఇచ్చారు. ఆవిడ పనేంటో తెలుసా? పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిస్తుంది. నెత్తి మీద గంప పెట్టుకుని పాయకాపురం నించి పటమట దాకా తిరుగుతుంది. జరీ చీరైతే ఒక గిన్నె, ప్యాంట్లు రెండైతే ఒక పళ్ళెం, చిరుగు ఎక్కడుందో చెయ్యి పెట్టి తడిమి చెప్పేస్తది. మంచివి ఒకవైపు, కుట్టి అమ్మేవి ఒకవైపు, మరీ చిరిగినవి మెకానిక్ షెడ్లకి తుడుచుకునే గుడ్డలకి, ఏదీ పారెయ్యదు. ఆవిడకి పునర్వినియోగం తెలీదు అని టిక్కు. వేలిముద్ర కూడా వేయించుకున్నారు.

ఇంకో ప్రశ్న చూసి నాకు చేతులు వణికాయి. విపత్తు సమయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు మీకు తెలుసా? టిక్కు, తెలీదు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా కాలనీ మునిగిన రోజు. బుడమేరు అంటే ఏంటో, వెలగలేరు రెగ్యులేటర్ ఎక్కడుందో, అక్కణ్ణించి నీళ్ళని కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ కాలవ ఎటు పోతుందో, దానికి గండ్లు పడితే ఆ నీళ్ళన్నీ ఎవరింట్లోకి వస్తాయో మా కాలనీలో టీ కొట్టు కుర్రాడు కూడా బోర్డు మీద గీసి చూపిస్తాడు. అసలే కృష్ణ నిండుగా ఉంటే డైవర్షన్ కాలవ నీళ్ళు నదిలో కలవలేక వెనక్కి తన్నుతాయి. అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులంట, ఇంక ఎటు పోతాయి, మా మంచాల మీదకే. అత్తగారిని ఎలా మేడెక్కించామో, సిలిండర్ ముందా బియ్యం మూట ముందా అని ఎలా కొట్టుకున్నామో, ఎదురింటి వాళ్ళు చంటిపిల్లని బట్టలు నానబెట్టే టబ్బులో పెట్టి ఎలా తోసుకుపోయారో మాకే తెలుసు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, మేడ మీద వాన నీళ్ళు పట్టుకుని వడగట్టి తాగాం. మాకు విపత్తు జాగ్రత్తలు తెలీదు, ఆ పాపకి తెలుసు, పీపీటీ చూసింది కాబట్టి.

ఇంకా ఉంది. గ్రూప్ ఫోటో తీశారు, ఒకసారి కాదు, ఎండలోకి తిప్పి నీడలోకి తిప్పి, ఎందుకంటే ఫోటో కింద లొకేషన్ పడాలంట, అక్షాంశం రేఖాంశం తేదీ టైముతో సహా. మా అబ్బాయి చెప్పాడు, కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్ళకి ఇలా లొకేషన్ పడిన జియో ట్యాగ్ ఫోటోలు చూపించాలంట, ఇలాంటి ప్రోగ్రాంలకి మార్కులుంటాయంట, ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ లో 2025 నించి ఈ సుస్థిరాభివృద్ధికి వేరే కేటగిరీయే పెట్టారంట. ఓహో. అందుకా మా మీద ఇంత ప్రేమ. ఇవాళ మా హాల్ ని చుక్క తర్వాత ఆరంకెల దాకా కరెక్టుగా పట్టేశారు. ఆ సెప్టెంబర్లో మా లైన్ మాత్రం ఏ పడవకీ దొరకలా. మెయిన్ రోడ్డు దాకా వచ్చి వెనక్కి పోయేవి. డ్రోన్లు పులిహోర ప్యాకెట్లు వేశాయి, అవి కూడా నాలుగు మేడల అవతలే.

పిల్లల్ని అనట్లేదు, ముందే చెప్తున్నా. వాళ్ళకీ తప్పదు. మా చెల్లెలి కొడుకు డిగ్రీ, వాడికి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని 180 గంటలుంది. వాడు చేసిన సర్వీస్ ఏంటంటే కాలేజీ ఎదురు జిరాక్స్ షాపుకెళ్ళి రెడీమేడ్ రిపోర్టు కొనుక్కుని ఊరి పేరు మార్చుకున్నాడు. ఎవరి రిపోర్టో ఏమో అందులో ఊరి చెరువు గురించి రెండు పేజీలుంది, వాడు రాసిన ఊళ్ళో చెరువే లేదు. సార్ చూడలేదు. చూస్తే కదా. వాడిని నిలదీస్తే "పెద్దమ్మా, అందరూ అంతే" అంటాడు. ఈ అందరూ అంతే అనేదొకటి దొరికింది మనకి.

యూనివర్సిటీలు జనానికి పనికిరావు అని కూడా అనట్లా. మా నాన్నది గుంటూరు పక్క పల్లె, మిరప రైతు. లాం ఫారం, అదే వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళ పరిశోధనా కేంద్రం, అంటే ఆయనకి గుడి లెక్క. విత్తనం కోసం వెళ్ళేవాడు, తెగులొస్తే మొక్క పీక్కుని సంచిలో వేసుకుని వెళ్ళేవాడు. అక్కడి సార్ ఆ మొక్క తిరగేసి, మట్టి ఎలాంటిది, నీళ్ళు ఎప్పుడు పెట్టావు, పక్క చేలో కూడా వచ్చిందా అని ముందు ఈయన్నే అరగంట అడిగేవాడంట. ఇవాళ్టికీ గుంటూరు మిర్చి యార్డులో 334 అని ధర పలుకుతారే, ఆ నంబరు అక్కడి వంగడానిదే, ఎల్‌సీఏ 334. మినుముల్లో ఎల్‌బీజీ అంటారే, అందులో ఎల్ అంటే లాం. దాన్నండీ జనంలోకి పోవడం అంటారు. మా నాన్న చేత ఎవరూ తెలీదు అని వేలిముద్ర వేయించుకోలా. ఇవాళ వచ్చినవాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు మమ్మల్ని ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. నేనే అడిగా. సార్, మా సైడు కాలవలో పూడిక తీసి గట్టు మీదే వదిలేస్తారు, వానొస్తే అదంతా మళ్ళీ కాలవలోకే పోతుంది, దీనికేమన్నా చెప్పండి అని. సివిల్ ఇంజినీరింగ్ సారే ఆయన. "అది మన టాపిక్ కాదమ్మా" అన్నాడు. పారిశుద్ధ్యం ఆరో నంబరు సార్, మీ వెనకాలే ఉంది చక్రంలో, నీలం రంగు.

అసలు నా బాధ ఈ కాలేజీ ఒక్కటే కాదులెండి. మా గురించి ఎవడో టిక్కు పెట్టడం, మేం సంతకం పెట్టడం, ఇది మొదటిసారా? వరద తగ్గాక ఎన్యూమరేషన్ కి, అంటే నష్టం లెక్క రాసుకోడానికి, వచ్చారు. గ్రౌండ్ ఫ్లోర్ కి 25 వేలు, పై ఫ్లోర్లకి 10 వేలు అన్నారు. మాది గ్రౌండ్ ఫ్లోర్. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషన్, కస్టమర్ల పట్టు బట్టలు, అన్నీ బురదలో. వచ్చినాయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, బూట్లకి బురదవుతుందని లోపలికి రాలా, ట్యాబ్ లో ఏదో కొట్టుకుని పోయాడు. తర్వాత చూస్తే మేం ఫస్ట్ ఫ్లోర్. నీళ్ళ మరక గోడ మీద నా భుజం ఎత్తులో ఉంది, చూడండి బాబూ అంటే, "సిస్టంలో అలా వచ్చిందమ్మా" అన్నారు. ఎన్నిసార్లు తిరిగానో, చెప్పులరిగాయి. ఆ పట్టుచీరల వాళ్ళకి డబ్బులు నేను ఇంకా కడుతూనే ఉన్నా, అందులో ఒకావిడ ఇప్పటికీ గుళ్ళో కనపడితే మొహం తిప్పుకుంటుంది.

అందుకే ఇవాళ ఆ ఫారం మీద సంతకం పెట్టలా. పాప దగ్గర పెన్ను తీసుకుని పదింటికీ తెలుసు అని దిద్దా. పాప కంగారుపడి సార్ ని పిలిచింది, సార్ వచ్చి "అమ్మా, డేటా పాడవుద్ది" అన్నాడు. మీ డేటా పాడయితే మళ్ళీ ప్రింట్ తీసుకోవచ్చు సార్, నా ఓవర్‌లాక్ మిషన్ కి రాదు ప్రింటు అన్నా. మా ఆర్పీ నా వైపు చూసిన చూపుకి ఈపాటికి నా లోన్ ఫైలు ఎక్కడో అడుక్కి పోయుంటుంది.

ఇప్పుడు కామెంట్లలో "మీరు కాలవలో చెత్త వెయ్యడం మానండి ముందు" అని పెద్దమనుషులు వస్తారని నాకు తెలుసు. వేస్తారు. లేదని ఎవరన్నారు. మా లైన్ లోనే రెండిళ్ళున్నాయి, రాత్రి తొమ్మిది దాటాక కవరు ముడేసి విసిరేస్తారు, వాళ్ళతో రోజూ నోరు పారేసుకునేది నేనే. ఇవాళ్టి పాఠం ఎవరన్నా వినాల్సింది ఉంటే ఆ రెండిళ్ళ వాళ్ళే. రాలేదు. వాళ్ళని ఎవరూ పిలవలేదు కూడా, వాళ్ళకి డ్వాక్రా లోన్ లేదు.