‘పాత కేసులేమైనా ఉన్నాయేటి?’

సాలూరులో ఏ లారీ ఆఫీసుకెళ్లినా కొత్త డ్రైవర్‌ని ముందు లైసెన్స్ అడుగుతారు, ఏ లైన్‌లో ఎన్నాళ్లు తోలావని అడుగుతారు, ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి ‘పాత కేసులేమైనా ఉన్నాయేటి బాబూ?’ అంటారు, అంటే యాక్సిడెంట్ కేసులు. ‘లేవండి’ తప్ప వేరే జవాబు వినిపించడం అరుదు. ఇరవై ఏళ్లు రాయ్‌పూర్ లైన్ కొట్టినోడి బండికి ఒక్క గీత కూడా పడలేదంటే ఓనరు కూడా నమ్మడు, అయినా తాళాలు ఇచ్చేస్తాడు. ఉన్నదున్నట్టు చెప్పినోడికి మాత్రం ‘ఫోన్ చేస్తాంలే’. ఆ ఫోన్ రాదు.

దాచడం తప్పే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఈ అలవాటు చేసింది ఎవరండీ? మన రోడ్ల మీద పెద్ద బండీ చిన్న బండీ తగిలితే జనం దృష్టిలో తప్పు పెద్ద బండిదే, రాంగ్ రూట్‌లో వచ్చిన బైక్ లారీ కింద పడ్డా ముందు పట్టుకునేది డ్రైవర్‌నే. ఎఫ్ఐఆర్ రాయడం వేరు, కోర్టులో తప్పు తేలడం వేరు, ఓనర్లకి మాత్రం రెండూ ఒకటే. పైగా నిర్లక్ష్యంతో ప్రాణం పోతే పాత ఐపీసీ 304ఏ సెక్షన్ కింద 2 ఏళ్ల వరకే శిక్ష, 2024 జులై 1 నుంచి దాని బదులొచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 106 కింద 5 ఏళ్ల దాకా పడొచ్చు. ఇంక నోరు విప్పేదెవడు?

అమెరికాలో ట్రక్కు ఉద్యోగానికి అప్లికేషన్‌లోనే గత 3 ఏళ్ల యాక్సిడెంట్లు రాయాలి, కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి కనుక్కోవాలి కూడా. అయితే పాత కంపెనీ ఏం చెప్పిందో డ్రైవర్ చూసుకోవచ్చు, తప్పయితే కాదని రాసివ్వొచ్చు. మనోళ్లకి కావాల్సింది ఆ చివరి ముక్కే, ఎందుకంటే ఇక్కడ పాత ఓనరు ఫోన్‌లో ‘ఆడు వద్దు’ అంటే కథ అయిపోయినట్టే, బేటా (దారి ఖర్చుల డబ్బు) బాకీ అడిగాడన్న కోపంతో అన్నాడేమో ఎవరికి తెలుసు.

ఓనర్లు నిజంగా భయపడాల్సింది సస్పెండైన లైసెన్స్‌కి. చెల్లని లైసెన్స్‌తో బండి ఎవర్నైనా గుద్దితే, ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకి కట్టిన డబ్బు తిరిగి ఓనరు దగ్గరే వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. లైసెన్సుల ప్రభుత్వ సైట్ సారథిలో లైసెన్స్ నంబరు, పుట్టినతేదీ కొడితే తెలిసిపోద్ది, రెండు నిమిషాల పని, అది చెయ్యకుండా మనిషి మొహం చూసి తాళాలిస్తే ఎలా?

యాక్సిడెంట్ సంగతి అలా సైట్‌లో దొరకదు, మనిషే చెప్పాలి. కోరాపుట్ వైపు నుంచి లోడుతో ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగుల్తాదని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లున్నారు, నాలుగు మలుపులు దాటేసరికి బ్రేకు లైనర్లు కాలిన వాసన కేబిన్‌లోకొస్తాది, ఆ తర్వాత బ్రేకు తొక్కినా పట్టదంతే. ఒకసారి అలా కొండకి ఆనించి బండి ఆపుకుని బతికినోడు మళ్లీ జన్మలో న్యూట్రల్ జోలికి పోడు. ఆ ముక్క దాచుకోవాల్సి రావడం ఆడికీ నష్టమే, ఓనరుకీ నష్టమే.

అందుకే తేదీ, చోటు, కేసు నంబరు, ఇప్పుడు కోర్టులో ఎక్కడుందో ఒక తెల్లకాగితం మీద రాయించుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. తాగి తోలినోడినీ, గుద్దేసి పారిపోయినోడినీ పనిలో పెట్టుకోమని మేం చెప్పట్లేదు. మిగతావాళ్లని మాత్రం ‘ఫోన్ చేస్తాంలే’ అని పంపించే ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ రోజు ఘాట్ ఏ గేర్‌లో దిగావు నాన్నా అని అడగండి.