గుర్రం బొమ్మే కదా!

పోర్టులో పనిచేసి రిటైరైన మా బావగారు మొన్న ఆదివారం ఎంవీపీ కాలనీలోని తమ ఇంట్లో నాలుగేళ్ల మనవడికి పెరుగన్నం తినిపించే నిమిత్తం టీవీలో ‘బోజాక్ హార్స్‌మన్’ అనే అమెరికన్ కార్టూన్ పెట్టారు. తెరమీద గుర్రం బొమ్మ కనిపించింది; అంతకు మించిన యోగ్యతాపత్రం ఆయనకు అక్కరలేకపోయింది. పట్టుమని పది ముద్దలు లోపలికి వెళ్లకముందే ఆ గుర్రం సీసా ఎత్తడంతో, ముద్ద పట్టుకున్న బావగారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

“తాతా, గుర్రానికి దాహమా?”

“అవున్రా నాన్నా.”

ఆయన తప్పేమీ లేదని నా నిశ్చితాభిప్రాయం. బొమ్మలంటే పిల్లలవేనని మన జాతి గాఢంగా నమ్ముతుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా రాత్రంతా విసురుకున్న మోటు సరసాలు ఏ పిల్లల కోసమో మాత్రం ఎవరూ అడగరు.

అమెరికాలో కార్టూన్ బొమ్మలకు ఈ పెద్దరికం మెట్లుమెట్లుగా వచ్చింది. 1930లో పుట్టిన కార్టూన్ సుందరి బెట్టీ బూప్, 1934లో సినిమా నియమావళి బిగుసుకోగానే తన పొట్టి గౌనును పొడుగు చేసుకోవలసి వచ్చింది; గీసిన బొమ్మకు సైతం దర్జీని కుదిర్చిన ఘనత సెన్సారుది. 1960లో రాత్రివేళ పెద్దల కోసం మొదలైన ‘ఫ్లింట్‌స్టోన్స్’లోని రాతియుగపు సంసారి ఫ్రెడ్, పొరుగింటి బార్నీతో కలిసి ప్రకటనల్లో విన్‌స్టన్ సిగరెట్లు కాల్చాడు కనుక, ఆనాటికి పెద్దరికమంటే పొగ. 1989లో ‘సింప్సన్స్’ సొంత ధారావాహికగా వచ్చాక అది తండ్రిని లెక్కచేయకపోవడంగా మారింది. అందులోని కొడుకు బార్ట్‌కు అప్పుడూ పదేళ్లే, ఇప్పుడూ పదేళ్లే. వయసు విషయంలో ఇంతటి నిలకడ మన సర్వీసు రిజిస్టర్లలో తప్ప మరెక్కడా కానరాదు. 1997లో ‘సౌత్ పార్క్’ బూతును బడిపిల్లల నోట పెట్టింది. మొదటి భాగానికి కాగితాలు కత్తిరించి కదిపినవారే తరువాత కంప్యూటర్ పట్టి, వారం తిరగకుండా ఒక భాగం తయారుచేయడం మరిగారు; దానితో సోమవారం వార్తల్లోకెక్కిన నాయకుడికి బుధవారం రాత్రికల్లా పరాభవం సిద్ధమయ్యేది.

పొగ, ధిక్కారం, బూతు వరుసగా ఖర్చైపోయాక పెద్దల దగ్గర దిగులొక్కటే మిగిలింది. దానిని మోయడానికి మనిషి చాలడనే కాబోలు, 2014లో గుర్రాన్ని తెచ్చారు.

నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని నడుస్తుండగా, బావగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“బావగారూ, మొదటి సీజన్ అయిపోయింది. రెండోది ఎక్కడ నొక్కితే వస్తుందండీ?”