ట్యూబులో ఉన్నా అది యాంటీబయాటిక్కే

మొటిమలకు ఏదైనా జెల్ ఇవ్వమని అడిగితే మన ఊళ్లలో చాలా మందుల షాపుల్లో మరో ప్రశ్న లేకుండా చేతిలో పెట్టే ట్యూబు ఒకటుంటుంది. అందులో సాధారణంగా ఉండేది ఒక శాతం క్లిండమైసిన్ అనే మందు, దానికి తోడు నికోటినమైడ్. వయసెంత, ఎన్నాళ్లుగా ఉన్నాయి, ఇంతకుముందు ఏం రాశారు అని ఎవరూ అడగరు. రోజుకు రెండుసార్లు రాయమ్మా తగ్గిపోతాయి అంటారు, అంతే. నిజంగానే చాలామందికి మొదట్లో తగ్గుతాయి కూడా. చిక్కంతా అక్కడే ఉంది. తగ్గాయి కాబట్టి ఆపరు, ఆపితే మళ్లీ వస్తాయేమోనని టెన్షన్, అలా ఒక ట్యూబు అయిపోగానే ఇంకోటి తెచ్చుకుంటూ ఇంటర్‌లో మొదలుపెట్టింది ఇంజినీరింగ్ అయ్యేదాకా సాగదీస్తారు. హాస్టళ్లలో అయితే ఒకరు కొన్న ట్యూబు గదిలో అందరి ముఖాలకూ తిరుగుతుంది.

జ్వరం రాగానే యాంటీబయాటిక్ మాత్రలు మింగేయకూడదన్న సంగతి ఇప్పుడు కాస్త చదువుకున్న ప్రతి ఇంట్లో తెలుసు (పాటించేది ఎందరన్నది వేరే సంగతి). ముఖానికి రాసుకునేదాన్ని మాత్రం ఎవరూ ఆ లెక్కలో వేయరు. అది పౌడరు డబ్బా, ఫేస్‌వాష్ పక్కనే అద్దం ముందు ఉంటుంది కాబట్టి అదీ ఓ సౌందర్య సాధనమే అనుకుంటారు. కానీ అది యాంటీబయాటిక్. మొటిమలకు పైపూత యాంటీబయాటిక్‌ను ఒంటరిగా వాడటం ఆగాలి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మడం అంతకన్నా ముందు ఆగాలి అన్నది మా అభిప్రాయం.

మొటిమ ఎలా వస్తుందో చూస్తే ఈ మందు చేసే పని ఎంతో తెలుస్తుంది. ఒంట్లో వేడి చేసిందనో, నూనె వంటలు ఎక్కువయ్యాయనో, ముఖం సరిగ్గా కడగలేదనో ఇంట్లో అందరూ తలో మాటా అంటారు గానీ, అసలు జరిగేది ఇది: యవ్వనంలో పెరిగే హార్మోన్ల వల్ల చర్మం కింది గ్రంథులు జిడ్డు ఎక్కువగా తయారుచేయడం, రంధ్రం మూతి దగ్గర చర్మకణాలు పేరుకుని మూసుకుపోవడం, లోపల చిక్కుకున్న ఆ జిడ్డు మీద క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్ అనే సూక్ష్మజీవి పెరగడం, చివరికి వాపు, ఎరుపు, చీము. ఇందులో యాంటీబయాటిక్ ముట్టుకునేది ఆ సూక్ష్మజీవిని, కొంతవరకు వాపును. జిడ్డు తగ్గదు, మూసుకున్న రంధ్రం తెరుచుకోదు. పైగా ఆ సూక్ష్మజీవి బయటి నుంచి వచ్చిందేమీ కాదు, మొటిమల్లేని వాళ్ల ముఖం మీదా ఉంటుంది. దాన్ని పూర్తిగా లేకుండా చేయడం కుదిరే పని కాదు. కాబట్టి ఈ జెల్ నెలల తరబడి, ఏళ్ల తరబడి రాస్తుంటే జరిగేదల్లా మందుకు లొంగేవి పోయి లొంగనివి మిగలడం.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. మొటిమల సూక్ష్మజీవి యాంటీబయాటిక్‌లకు మొండికేసిందన్న నివేదికలు 1970ల చివర్లో అమెరికా నుంచే వచ్చాయి. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో నాలుగు వేల మందికి పైగా మొటిమల రోగులను పదేళ్లపాటు గమనించినప్పుడు, వాడుకలో ఉన్న యాంటీబయాటిక్‌లలో కనీసం ఒక్కదానికైనా లొంగని సూక్ష్మజీవి ఉన్నవాళ్లు 1991లో 34.5 శాతం, 1997 నాటికి 64 శాతం. 2000లో అది 55.5 శాతానికి దిగింది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది ఎరిత్రోమైసిన్‌కు లొంగకపోవడం, దాంతోపాటు తరచుగా క్లిండమైసిన్‌కు కూడా. ఈ రెండూ వేర్వేరు పేర్లు, వేర్వేరు ట్యూబులే అయినా సూక్ష్మజీవిలో అవి దెబ్బకొట్టే చోటు దాదాపు ఒకటే. అందుకే ఒకదానికి అలవాటుపడ్డది రెండోదాన్నీ తట్టుకుంటుంది, ఇది పనిచేయట్లేదని అది మార్చి ఇవ్వడం వల్ల ఒరిగేది చాలా తక్కువ.

మొటిమలు తగ్గకపోతే పోనీ, ప్రాణం మీదికి వచ్చేదేమీ కాదుగా అనేవాళ్లుంటారు. అసలు భయం మొటిమల గురించి కాదు. రాసిన జెల్ మొటిమల సూక్ష్మజీవి ఒక్కదాన్నే వెతుక్కుంటూ పోదు. చర్మం మీద, ముక్కు రంధ్రాల్లో కాపురముండే స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి జాతుల మీదా పనిచేస్తుంది, వాటిలోనూ లొంగనివి పెరుగుతాయి, అవి తమ జన్యువులను పక్కవాటికి అందించగలవు, తువ్వాళ్ల ద్వారా చేతుల ద్వారా ఇంట్లోవాళ్లకు చేరగలవు. యూరప్‌లో పరిశోధకులు చూస్తే రోగులతో కలిసి ఉండేవాళ్ల మీదే కాదు, మొటిమలకు వైద్యం చేసే డాక్టర్ల చర్మం మీద కూడా మందుకు లొంగని మొటిమల సూక్ష్మజీవులు దొరికాయి. క్లిండమైసిన్ అంటే మొటిమల జెల్ ఒక్కటే కాదు మరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో అది మాత్రగా, ఇంజెక్షన్‌గా ఉంది, ఎముకలు, కీళ్లలో ఇన్ఫెక్షన్ లాంటి గట్టి అవసరాలకు. అదే జాబితాలో మొటిమలకు పనికొచ్చే పైపూతగా ఉన్నది బెంజాయిల్ పెరాక్సైడ్. క్లిండమైసిన్ జెల్ లేదు. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల వల్లే 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా. అందులో మొటిమల జెల్ వాటా ఎంతో విడదీసి చెప్పే పని కాదు, చిన్నదే అయ్యుండొచ్చు. కానీ ప్రాణాపాయం లేని సమస్య కోసం, వేరే మంచి మందు చేతిలో ఉండగా, ఆ చిన్న వాటా మాత్రం ఎందుకు కలపాలి?

ఆ వేరే మందు బెంజాయిల్ పెరాక్సైడే. అది యాంటీబయాటిక్ కాదు, ఆక్సిజన్‌ను విడుదల చేసి సూక్ష్మజీవిని చంపుతుంది. దశాబ్దాలుగా కోట్లమంది వాడుతున్నా దానికి అలవాటుపడ్డ మొటిమల సూక్ష్మజీవి కనిపించలేదు. క్లిండమైసిన్‌తో కలిపి వాడితే లొంగనివి పెరగకుండా అడ్డుపడుతుంది కూడా. బ్రిటన్‌లో డాక్టర్లకు చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు పైపూత యాంటీబయాటిక్‌ను ఒంటరిగా ఇవ్వొద్దన్నాయి, చికిత్స మొదలుపెట్టిన 12 వారాలకు మళ్లీ చూసి నిర్ణయించుకోమన్నాయి. అమెరికా చర్మవైద్యుల అకాడమీ 2024 మార్గదర్శకాలదీ అదే దారి. మరి మన దగ్గర ఇంత మంచి మందు ఎందుకు అడుగున పడి ఉంది అంటే, అది కాస్త మొరటు మందు కాబట్టి. మొదటి వారాల్లో మండిస్తుంది, చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది, దిండు గలీబులు, తువ్వాళ్లు, నల్ల చుడీదార్ల మీద తెల్లటి మచ్చలు వేస్తుంది. క్లిండమైసిన్ జెల్ ఇవేవీ చేయదు, నీళ్లలా చల్లగా ఇంకిపోతుంది. షాపువాడికి తిట్లు రావు, కొన్నవాళ్లకు ఇబ్బంది ఉండదు. బెంజాయిల్ పెరాక్సైడ్‌ను రెండున్నర శాతంతో, రోజు మార్చి రోజు, రాత్రిపూట కొంచెమే రాస్తూ మొదలుపెడితే చాలామంది తట్టుకుంటారన్న మాట కౌంటర్ దగ్గర చెప్పే ఓపిక ఎవరికుంది?

ఒక జాగ్రత్త చెప్పాలి. బెంజాయిల్ పెరాక్సైడ్ వేడికి విచ్ఛిన్నమైతే క్యాన్సర్ కారకమైన బెంజీన్ తయారవుతుందన్న ఆందోళన 2024లో అమెరికాలో వచ్చింది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 95 ఉత్పత్తులను పరీక్షించి, తొంభై శాతానికి పైగా వాటిలో బెంజీన్ అసలు లేదనో, మరీ కొద్దిగా ఉందనో 2025లో చెప్పింది, ఎక్కువ ఉన్న కొన్నిటిని వెనక్కి తీసుకున్నారు. మన ఎండాకాలంలో ట్యూబును బైకు డిక్కీలో, కిటికీ గట్టు మీద పెట్టకుండా చల్లటి చోట ఉంచుకోవాలి, గడువు దాటిందాన్ని పారేయాలి.

నికోటినమైడ్ కలిపిన జెల్‌ల గురించి కొంచెం గట్టిగానే మాట్లాడాలి. రెండు మందులున్నాయి కదా, ఒంటరిగా వాడినట్టు కాదు కదా అన్న భ్రమ కలిగించేది ఇదే. నికోటినమైడ్ విటమిన్ బి3లో ఒక రూపం, వాపును కొంత తగ్గిస్తుంది, చర్మానికి మంచిదే. కానీ అది బెంజాయిల్ పెరాక్సైడ్‌లా సూక్ష్మజీవిని చంపేది కాదు, కాబట్టి మొండితనం పెరగకుండా కాపలా కాస్తుందని నమ్మలేం. సూక్ష్మజీవి వైపు నుంచి చూస్తే ఆ ట్యూబులో ఉన్నది ఒక్క క్లిండమైసినే. డాక్టర్లలో కూడా ఈ జెల్‌ను అలవాటుగా రాసి, ఎప్పుడు ఆపాలో చీటీలో రాయనివాళ్లు తక్కువేం లేరు. షాపువాళ్లను అనే ముందు ఆ మాట కూడా అనుకోవాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లండి అని ఒక్క ముక్కలో తేల్చేయడం మాకిష్టం లేదు. చర్మ వైద్యులు ఎక్కువగా పట్టణాల్లోనే ఉంటారు, నాలుగు మొటిమల కోసం ఫీజు, బస్సు ఛార్జీ, ఒక రోజు కూలీ పోగొట్టుకుని ఎవరూ వెళ్లరు, వెళ్లాల్సిన అవసరం కూడా ప్రతిసారీ ఉండదు. అమెరికాలో యాంటీబయాటిక్ కాని మొటిమల మందు అడాపలీన్ 0.1 శాతం జెల్‌ను 2016 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారు, బెంజాయిల్ పెరాక్సైడ్ అంతకుముందు నుంచే దొరుకుతుంది. తేలికపాటి మొటిమలకు కౌంటర్ మీద ఇవ్వాల్సింది ఇలాంటివి, యాంటీబయాటిక్ కాదు. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం. (అడాపలీన్ గర్భిణులు వాడకూడదని మాత్రం చెప్పి ఇవ్వాలి.)

చట్టం మాటకొస్తే దారి ముందే వేసి ఉంది. స్టెరాయిడ్ క్రీములు రాసి ముఖాలు పాడుచేసుకుంటున్నారని చర్మ వైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పైపూతలను, డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితా కిందికి తెచ్చింది. అంతకుముందు 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 కింద, కొన్ని యాంటీబయాటిక్‌లు అమ్మితే డాక్టర్ పేరు, రోగి పేరు, ఎంత అమ్మారన్నది రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. ఆ జాబితాలో క్లిండమైసిన్ లేదు, ఉన్న మందులకు కూడా చర్మం మీద రాసే రకాలైతే ఆ నిబంధన వర్తించదు. ఈ సందు మూయాలి. మొటిమలకు వాడే క్లిండమైసిన్, క్లారిత్రోమైసిన్, నాడిఫ్లాక్సాసిన్ పైపూతలన్నిటికీ రిజిస్టరు పెట్టాలి, బెంజాయిల్ పెరాక్సైడ్ కలవని క్లిండమైసిన్ మిశ్రమాలకు అసలు అనుమతి ఎందుకుండాలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ మళ్లీ చూడాలి. హేతువు లేని మిశ్రమ మందులంటూ 2016లో 344, 2018లో 328 నిషేధించిన సర్కారుకు ఇది కొత్త పనేం కాదు. రిజిస్టరు ఉన్నంత మాత్రాన సరిపోదని మాకూ తెలుసు. కేరళ 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ పేరుతో చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు అమ్మే షాపుల మీద ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టింది. అలాంటి తనిఖీలు తెలుగు రాష్ట్రాల్లోనూ జరగాలి, వాటిలో మాత్రల అరతో పాటు జెల్‌ల అర కూడా తెరిచి చూడాలి.

ఇప్పటికే ఆ జెల్ రాస్తున్నవాళ్లు కంగారుపడనక్కర్లేదు. మొదలుపెట్టి మూడు నెలలు దాటితే దాన్ని ఆపి, అడాపలీన్‌కో బెంజాయిల్ పెరాక్సైడ్‌కో మారే సంగతి డాక్టర్నో, చదువుకున్న ఫార్మసిస్టునో అడగండి. ఏ మందైనా ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ తేడా చూపదు, పదో రోజుకే ట్యూబు మార్చకండి. ఎర్రటి గడ్డల్లా వచ్చి నొప్పెడుతున్నా, గుంటలు పడుతున్నా, ఆడపిల్లలకు మొటిమలతో పాటు నెలసరి తప్పుతున్నా మాత్రం జెల్‌ల మీద ఇంకో నెల పోగొట్టకుండా చర్మ వైద్యుల దగ్గరికే వెళ్లాలి. అక్కడ ఐసోట్రెటినాయిన్ మాత్రల దాకా దారులున్నాయి. గర్భం ఉన్నా, వచ్చే అవకాశం ఉన్నా పిండానికి తీవ్రమైన హాని చేసే మందు అది. కాబట్టి దాన్ని కూడా చీటీ లేకుండా అమ్మే షాపు మీకు తెలిసి ఉంటే ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయండి.